చెయ్యి ఎత్తే చోటు

జూన్ 3

తమ్ముడూ,

నువ్వూ మరదలూ పాపా కులాసా అని తలుస్తాను. మీ ముగ్గురూ రోజూ పొద్దుటి ప్రార్థనలో ఉంటారు. అది కొత్త సంగతి కాదు.

కొత్త సంగతి ఒకటుంది. వచ్చే నవంబరుకి మన చర్చికి నూరేళ్లు నిండుతాయి. నాన్న కట్టిన బాణీలన్నీ పుస్తకంగా వేయాలని సంఘం పెద్దలు అనుకున్నారు. మొత్తం నలభై ఒకటి. నలభై ఏళ్లు ఆర్గన్ ముందు వీపు చూపిస్తూ కూర్చున్న మనిషి, పోయి ఏడాది తిరిగాక అందరికీ ముఖం గుర్తొచ్చింది. స్వరాలు సరిచూసి శుభ్రంగా రాసిచ్చేవాళ్లు కావాలన్నారు. నువ్వున్నావని చెప్పాను.

“వస్తాడా అమ్మా? పద్దెనిమిదేళ్లయింది గుమ్మం తొక్కి. నాన్నగారిని సాగనంపిన రోజున కూడా గేటు దగ్గర నిలబడి అటునుంచటే వెళ్లిపోయాడు” అన్నారు కార్యదర్శిగారు.

“అతను రానక్కర్లేదండీ. పోస్టు వెళ్తుంది” అన్నాను.

నోటుపుస్తకాలు నాలుగూ ఈ రోజే రిజిస్టరు పోస్టులో పంపాను. అంతా పెన్సిలు రాత. తడి చెయ్యి తగిలితే పోతుంది. పాపకు అందనీయకు.

ఇక్కడ అంతా మామూలే. ఆదివారం చర్చి, మిగతా సాయంత్రాలు ముందు గదిలో పియానో పాఠాలు, ఏడుగురు పిల్లలు. నాన్నలాగే చేతి మీద అగ్గిపెట్టె పెట్టి వాయించమంటున్నాను. మణికట్టు ఊగితే అది పడుతుంది కదా. నిన్న డాక్టరుగారి అమ్మాయి పెట్టెకు జిగురు రాసుకొచ్చింది. తెలివికి మెచ్చుకుని, జిగురు కడిగించి, మళ్లీ మొదటినుంచి వాయించమన్నాను.

మరదలి మోకాలు ఎలా ఉంది?

నీ అక్కయ్య


జూన్ 19

అక్కయ్యా,

పుస్తకాలు అందాయి. అట్ట విప్పగానే నాన్న కోటు వాసన. పాప “ఇది ఎవరి వాసన నాన్నా?” అంది. లేచి కిటికీ తీశాను.

ఈ పనికి నా పేరెందుకు చెప్పావో తెలియదు. కాలేజీలో పరీక్షల కాలం. మూడు వందల మంది విద్యార్థుల స్వరజ్ఞానం నా బల్ల మీద గుట్టగా పడి ఉంది. అయినా ఒప్పుకున్నాను. నా మీద పడ్డ రాయిని తిప్పి చూడాలన్న కుతూహలం అనుకో.

ఉన్నమాట చెప్పనా? మొదటి పన్నెండు బాణీలూ బాణీలే. పైకి వెళ్తాయి, దిగుతాయి, ఊపిరి పీలుస్తాయి. పదమూడోదాని నుంచి ఏదో అయింది. ప్రతి బాణీ ఎక్కుతూ ఎక్కుతూ పై డి స్వరం దగ్గరికి రాగానే ఆగిపోతుంది. గడప దాకా వచ్చి, లోపలికి రాకుండానే “మళ్లీ వస్తాలే” అని వెళ్లిపోయే చుట్టంలాగ. ఇరవై తొమ్మిది బాణీల్లో ఒక్కసారి కూడా ఆ మీట నొక్కలేదు! వయసు మీదపడి పై స్వరాలంటే భయం పట్టుకుందేమో. వీటిలో పదకొండు బాణీలకైతే ఆ స్వరం లేకపోతే వాక్యం మధ్యలో మాట మింగినట్టుంది. ఆ పదకొండూ దిద్దాను. ఎక్కడెక్కడ డి ఉండాలో అక్కడ పెట్టాను. ఇప్పుడు వింటే నాన్నే “ఔరా” అంటాడు. అనడు. అనడని నీకూ తెలుసు.

మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కినప్పుడల్లా నన్ను తిడుతుంది.

తమ్ముడు


జూలై 2

తమ్ముడూ,

దిద్దవద్దు. నాన్న ఎలా రాశారో అలాగే రాయి. అంతకంటే చెప్పలేను.

ఇంకో సంగతి. కొత్త పాస్టరుగారు వచ్చి నాలుగు నెలలైంది. ప్రతి ఆరాధన చివరా పాడే పాత కీర్తన ఉంది కదా. నువ్వున్నప్పుడు ఎలా వాయించేవారో గుర్తుందో లేదో. ఇప్పుడు మూడో పాదంలో ఒక్క స్వరం దగ్గర ఆర్గన్ ఆగుతుంది. నాన్న చెయ్యి ఎత్తేవారు, జనం గొంతులు మాత్రమే ఆ స్వరం పాడేవి, తర్వాత ఆర్గన్ అందుకునేది. నేనూ అదే చేస్తున్నాను. అది ఎందుకని పాస్టరుగారు అడిగారు. నేను నోరు తెరిచేలోపలే మొదటి వరసలో కూర్చునే కంచు తాతగారు అందుకున్నారు. (గొంతు కంచు మోగినట్టుంటుందని పిల్లలు పెట్టిన పేరు.)

“అది భక్తి అండీ! దేవుడు మనుషుల మాట వినే చోట యంత్రం నోరు మూసుకోవాలని పెద్దాయన పెట్టిన పద్ధతి.”

పాస్టరుగారు ఆ ముక్క పట్టుకుని పోయిన ఆదివారం అరగంట ప్రసంగించారు. ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను తల వంచుకుని విన్నాను.

మోకాలికి వేడి కాపడం పెట్టమను.

అక్కయ్య


జూలై 15

అక్కయ్యా,

నీ ఉత్తరంలో పాస్టరుగారి ప్రసంగం ఒక పేజీ, నేను రాసిన దానికి ఒక పంక్తి. “అంతకంటే చెప్పలేను.” మన ఇంటి గుమ్మం మీద రాయించాల్సిన మాట అది.

నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసింది. నాన్నకు ప్రతి బాణీ కిందా తేదీ వేసే అలవాటు కదా. పదమూడో బాణీ తేదీ చూశాను. నేను ఇల్లు విడిచిన మూడో వారం.

ఆ రోజు నీకు గుర్తుందా? కాలేజీనుంచి సెలవులకొచ్చాను. ఇరవై నాలుగేళ్లు నాకు. నా మొదటి బాణీ చేతిలో పట్టుకుని, ఇంటికి కూడా పోకుండా, పెట్టెతో సహా తిన్నగా చర్చికొచ్చాను. నాన్న ఆర్గన్ ముందున్నాడు. నువ్వు పక్కన తిత్తి కర్ర పట్టుకుని నిలబడి గాలి కొడుతున్నావు. కాగితం ఇచ్చాను. పైనుంచి కిందికి ఒకసారి చదివాడు. ఆ బాణీ మొదలయ్యేదే పై డి మీద. ఇంకా పైకి పోయి ఏడుసార్లు దాని మీదికే తిరిగొస్తుంది. కనీసం వాయించి చూడలేదు. “ఇది మన చర్చికి కుదరదు” అన్నాడు. మూత వేశాడు. ఆ మూత చప్పుడు ఇప్పటికీ ఉంది చెవిలో. నీ వైపు చూశాను. నువ్వు కర్ర వైపు చూశావు.

ఇన్నాళ్లూ నా బాణీ బాగాలేదనుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఇంకో బాణీ కట్టలేదు నేను, నీకు తెలుసా? కట్టేవాళ్లకి పాఠం చెబుతున్నాను. ఇప్పుడు తెలిసింది. నాన్న నన్ను ఒక్కణ్ణే కాదు, నా స్వరాన్ని కూడా వెళ్లగొట్టాడు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ దాన్ని గడప తొక్కనీయలేదు. అంత పంతం!

సరే. నేను మాత్రం పంతం పట్టను. ఆర్గన్లు బాగుచేసే మనిషి ఒకాయన ఎరుకలో ఉన్నాడు, పనిలో దేవుడే. నూరేళ్ల ఆరాధనకి వాద్యం సరిగా ఉండాలని కార్యదర్శిగారికి రాశాను. నా తరఫున ఆయన్ని పంపుతున్నాను. నేను రాను. ఆర్గన్ నన్నేమీ అనలేదు కదా.

తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

మూడు రోజులు ప్రార్థన చేసి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ మనిషిని పంపకు. ఆర్గన్ లోపలికి ఎవరూ చూడవద్దు. బాణీలు దిద్దకు. నువ్వనుకుంటున్నది నిజం కాదు. నిజం చెప్పనని నాన్నకు మాటిచ్చాను.

నువ్వు బాణీలు కట్టడం మానేశావని నాకు తెలియదు.

అక్కయ్య


ఆగస్టు 5

అక్కయ్యా,

మాటిచ్చింది పోయినవాళ్లకి. దాని వెల కడుతున్నది ఉన్నవాళ్లు. భలే ఏర్పాటు.

నువ్వెందుకు వద్దంటున్నావో నాకు కొంచెం అర్థమైందిలే. నలభై ఏళ్లు నాన్న, ఇప్పుడు నువ్వు. ఆ ఆర్గన్ బల్ల మీద మన ఇంట్లో ఒక్కరికే చోటనుకుంటాను. నేను పంపిన మనిషి స్క్రూ బిగించినా నేనే కూర్చున్నట్టు ఉంటుంది కాబోలు. నేను పోటీకి రావడం లేదు. నిశ్చింతగా వాయించుకో.

ఆయన పన్నెండో తారీఖున వస్తాడు. కార్యదర్శిగారు తాళాలు ఇస్తామన్నారు. నేను దిద్దిన పదకొండు బాణీలతో కలిపి మొత్తం పుస్తకం నెలాఖరులోగా ప్రెస్సుకి వెళ్తుంది. ఒకసారి అచ్చయ్యాక ఎవరి మాట ఎవరు నిలబెట్టుకున్నా ఒకటే.

నీ మరదలు ఈ ఉత్తరం చదివి, పంపవద్దంది. పంపుతున్నాను.

తమ్ముడు


ఆగస్టు 14

తమ్ముడూ,

ఆ మనిషి వచ్చి వెళ్లాడు. ఇది పొడుగు ఉత్తరం. నాకు అలవాటు లేదు, ఓపిక పట్టు.

సన్నటి మనిషి. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం జేబులు తడుముకుంటాడు. కార్యదర్శిగారూ పాస్టరుగారూ వెనక నిలబడ్డారు. ఒక్కొక్క మీటా నొక్కుకుంటూ వచ్చాడు. పై డి దగ్గర ఆగాడు. మళ్లీ నొక్కాడు. మీట టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఇది పలకదేమిటమ్మా?”

“పలకదండీ” అన్నాను.

“ఎన్నాళ్లనుంచి?”

“పద్దెనిమిదేళ్లు.”

పాస్టరుగారు నా వైపు చూశారు. ఆయన ప్రసంగం నాకు గుర్తొచ్చింది, ఆయనకూ గుర్తొచ్చే ఉంటుంది.

అతను ఆర్గన్ వెనకాల చిన్న తలుపు తీసి లైటు పట్టుకుని లోపలికి దూరాడు. లోపలినుంచే నవ్వాడు. బయటికొచ్చి చెప్పాడు: “లోపలి కర్ర నిక్షేపంలా ఉందమ్మా. మీటనుంచి వెళ్లే సన్న కర్రని పట్టి ఉంచడానికి చివర గోళీ అంత తోలు బిళ్ల ఉంటుంది. అది ఎండి ఊడిపోయింది. అంతే.” తన పాత బెల్టు చివర కత్తిరించి, చిల్లి పొడిచి, బిళ్ల చేసి బిగించాడు. నొక్కాడు. పలికింది. “పావుగంట పని” అన్నాడు, తప్పు తనదైనట్టు. ఆర్గన్‌కి ఇంకో యాభై ఏళ్లు ఢోకా లేదని కూడా అన్నాడు.

ఇప్పుడు నాది చెబుతాను.

నువ్వు ఇల్లు విడిచిన ఏడు, మార్చిలో ఒక సోమవారం నాన్న వాయిస్తుంటే ఆ మీట మూగబోయింది. వెనక తలుపులోంచి నాన్న భుజాలు పట్టవు. నేను దూరాను. టార్చి వెలుతురులో వందల కర్రలు. ఒకటి వేలాడుతోంది. సాలెగూడు ముఖమంతా చుట్టుకుంది. నాకు బయటికి రావాలనిపించింది. “విరిగింది నాన్నా” అన్నాను. “సరిగా చూశావా?” అన్నారు. “చూశాను” అన్నాను. చూడలేదు. చేత్తో ముట్టుకోను కూడా లేదు.

అది ఎలాంటి నెలంటే, ఆర్గన్ తీసేసి కరెంటుతో మోగే పెట్టె కొందామని పెద్దలు మాట్లాడుకుంటున్న నెల. లోపల విరిగిందంటే వాళ్లకి అంతకంటే కావలసిందేముంది? నాన్న “ఒక్క పన్ను ఊడింది. నోరు మూసుకుని నవ్వితే ఎవరికీ తెలీదు” అన్నారు. ఎవరికీ చెప్పనని నా చేత మాట తీసుకున్నారు. “తమ్ముడికి అసలే వద్దు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. మంచి చేద్దామని నలుగురికీ చెప్పి మనిషిని పట్టుకొస్తాడు” అన్నారు. పట్టుకొచ్చావు కూడా. పద్దెనిమిదేళ్లు ఆలస్యంగా.

ఆ రోజునుంచి నాన్న తెలిసిన కీర్తనలను కిందికి దించి వాయించారు. దించడానికి వీల్లేని పాత కీర్తన దగ్గర చెయ్యి ఎత్తారు. ఆ వేసవిలోనే నువ్వొచ్చావు, పై డి మీద మొదలయ్యే బాణీతో. నీ కాగితం చూసినప్పుడు నాన్న ముఖం నువ్వు చూడలేదు, మూత చూశావు. నేను చూశాను. నేను మాటకు కట్టుబడ్డాను. అదొక్కటే నాకు చేతనైంది అప్పుడు.

నువ్వు వెళ్లాక నీకు రాయమని రెండుసార్లు అడిగాను. “ఏమని రాయను? ఆర్గన్ మూగదని రాయనా, నేను మొండివాణ్ణని రాయనా?” అన్నారు. మూడోసారి అడగలేదు నేను.

దీనితో నీ కాగితం పంపుతున్నాను. నాన్న పోయాక ఆర్గన్ బల్ల కింది పెట్టెలో దొరికింది. అంచుల్లో పెన్సిలు రాత నాన్నది. చదువుకో.

ఇందులో నాన్న తప్పు సగమే. విరిగిందని చెప్పింది నేను.

అక్కయ్య


ఆగస్టు 30

అక్కయ్యా,

నీ ఉత్తరం అందాక మూడు రోజులు నీ మీద కోపంతో ఉన్నాను. నాలుగో రోజు నవ్వొచ్చింది. అది కూడా కోపంలో భాగమే అనుకుంటాను. నీ మరదలు మాత్రం ఒకే మాటంది: “ఆవిడ సాలెగూట్లోకైనా దూరింది. మీరు ఇన్నేళ్లలో ఒక్క రైలెక్కలేదు.”

పాస్టరుగారు అరగంట ప్రసంగించారని చదివి నవ్వుకున్నవాణ్ణి. నేను చేసింది పద్దెనిమిదేళ్ల ప్రసంగం. వినేవాణ్ణీ నేనే.

కాగితం చూశాను. ఎడమ అంచున: “ఒక మెట్టు దించితే పైనున్న స్వరం వచ్చి అదే మీట మీద పడుతోంది.” దాని కింద: “రెండు మెట్లు, మళ్లీ అంతే.” కుడి అంచున: “నాలుగు మెట్లు. కింద జనం గొంతులు అందవు.” ఇలాంటివే ఇంకో మూడు. అన్నీ కొట్టేసి ఉన్నాయి. అడుగున విడిగా: “దించకూడదు. ఇలాగే ఉండనీ.” తేదీ వేశారు. నేను వెళ్లిన మర్నాడు.

ఎన్ని రకాలుగా ప్రయత్నించారో లెక్కపెడితే ఆరు. వాయించి కూడా చూడలేదని రాశాను నీకు. వాయించడానికి వీల్లేకపోయింది ఆయనకి.

పదకొండు బాణీలూ ప్రెస్సునుంచి వెనక్కి తెప్పించాను. నేను ఎర్ర సిరాతో దిద్దిన కాగితాలు చింపేశాను. నాన్న రాసినట్టే మళ్లీ రాస్తున్నాను. ఇప్పుడు చూస్తుంటే వేరే మనిషి కనబడుతున్నారు. ఉన్న మెట్లలో ఒకటి లేదని తెలిసి, ప్రతిసారీ పక్కనుంచి ఎలా పైకి చేరాలా అని వెతికిన మనిషి. ఇరవై ఏడో బాణీలో ఆయన దాటిన తీరుకి నేను కుర్చీలోంచి లేచాను. భయం అని రాశాను నీకు. దాన్ని కొట్టివెయ్యి.

బల్ల మీద ఒక్కరికే చోటన్న మాట కూడా.

నువ్వు విరిగిందన్న దానికి నేను ఏమీ అనను. అనాల్సినవాళ్లు నిన్ను ఒకసారి అడిగి నమ్మారు. నేనూ నమ్మేవాణ్ణే.

నవంబరుకి వస్తున్నాను. నీ మరదలు మోకాలితో సహా వస్తానంటోంది. పాపకి చర్చి చూపించాలట. ఆ రోజు నువ్వు వాయించు. చివర రెండు పాటలు నాకివ్వు: పాత కీర్తన, నా కాగితం మీదున్నది. జనానికి నేర్పడానికి సమయం చాలుతుందా?

ఒక సందేహం. ఇప్పుడు ఆ మీట పలుకుతోంది కదా. పాత కీర్తనలో ఆ చోటికి వచ్చాక వాయించాలా, మానాలా?

తమ్ముడు


సెప్టెంబరు 8

తమ్ముడూ,

నీ ఉత్తరం ప్రార్థనకు ముందు చదివాను. ప్రార్థన అయ్యాక మళ్లీ చదివాను.

బాణీ జనానికి నేర్పుతున్నాను. బుధవారాలు సాయంత్రం. రెండో వరస ఆడవాళ్లు పైకి అందుకోలేక నిన్ను తిడుతున్నారు, అందుకున్నాక మళ్లీ పాడదామంటున్నారు. డాక్టరుగారి అమ్మాయికి నోటికి వచ్చేసింది.

నీ సందేహానికి. బాగుచేశాక వచ్చిన మొదటి ఆదివారం నేను ఆ చోట మీట నొక్కాను. బాగానే పలికింది. జనం ఠక్కున ఆగిపోయారు. చర్చి మొత్తంలో ఆ ఒక్క స్వరం ఆర్గన్ ఒక్కటే పాడింది. ఆరాధన అయ్యాక కంచు తాతగారు చేతికర్ర టకటకలాడించుకుంటూ నా దగ్గరకొచ్చారు.

“ఏమ్మా, పెద్దాయన పోగానే భక్తి కూడా పోయిందా?”

ఉన్నది ఉన్నట్టు చెప్పాను, తోలు బిళ్లతో సహా. ఆయన ఆర్గన్ గొట్టాల వైపు చూశారు. “బిళ్ల సంగతి బిళ్లదేనమ్మా. పద్దెనిమిదేళ్లు అక్కడ పాడింది మేము కదా” అన్నారు. పాస్టరుగారు ప్రసంగం వెనక్కి తీసుకోవాలా అని అడిగారు. వద్దన్నాను.

నవంబరులో ముందు గది మీకు సర్ది ఉంచుతాను. పాపకు పియానో పక్కన మంచం. అగ్గిపెట్టెలు ఇక్కడ ఉన్నాయి.

పాత కీర్తనలో చెయ్యి ఎత్తు. నీ దాంట్లో ఎత్తకు.

నీ అక్కయ్య